మూడో రోజు సంగతి ఎవరూ చెప్పరు

"బావూ, ఆయనకి తెలీకుండా కూరలో కలిపీసే మందుందంట కదా. అది ఇయ్యి."

బొబ్బిలిలో మెడికల్ షాపు నడిపే నాకు ఈ మాట కొత్త కాదు. అడిగేది దాదాపు ఎప్పుడూ ఆడవాళ్లే. షాపు ఖాళీ అయ్యేదాకా ఒక పక్కన నిలబడతారు. పిల్లాడి జ్వరం సిరప్పో, అత్తగారి బీపీ మాత్రలో కొన్నాక, చివర్లో గొంతు తగ్గించి అడుగుతారు. ఉందమ్మా, కానీ డాక్టరు చీటీ లేకుండా ఇవ్వను, చీటీ ఉన్నా ఆయనకు తెలియకుండా పెట్టడానికైతే అసలే ఇవ్వను అంటాను. కొందరికి కోపం వస్తుంది. నువ్వూ తాగుతావు గనకే వాళ్ల వైపు మాట్లాడుతున్నావని ఒకావిడ మొహం మీదే అనేసింది.

వాళ్లడిగే మందు పేరు డైసల్ఫిరామ్. 1940ల్లో డెన్మార్కులో యెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్‌సన్ అనే ఇద్దరు దీన్ని కడుపులో పురుగుల మందుగా పనికొస్తుందేమోనని పరీక్షిస్తూ తామే మింగి చూశారు. ఆ తర్వాత మద్యం పుచ్చుకుంటే ఒళ్లు తిరగబడింది. అలా తాగుడు మాన్పించే మందుగా బయటికొచ్చింది. మనం తాగిన ఆల్కహాలును కాలేయం ముందు ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థంగా మారుస్తుంది, ఆ తర్వాత దాన్ని హాని లేనిదిగా చేస్తుంది. డైసల్ఫిరామ్ ఈ రెండో పని జరగనివ్వదు. విషం ఒంట్లోనే పేరుకుంటుంది. మొహం ఎర్రబడుతుంది, తల పగిలిపోతుంది, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం. గుండె జబ్బు ఉన్నవాడైతే ప్రాణానికే ముప్పు. చివరి మాత్ర వేసుకున్నాక రెండు వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది. దగ్గు టానిక్కుల్లో కొన్నింటిలో, ద్రాక్షారిష్టం లాంటి ఆయుర్వేద మందుల్లో కూడా ఆల్కహాలు ఉంటుంది, వాటితోనూ జాగ్రత్త కావాలి. ఇవన్నీ తెలిసి, తనకు తానుగా ఒప్పుకుని, ఇంట్లో ఒకరి ఎదురుగా రోజూ వేసుకునే మనిషికి అది బాగానే పనిచేస్తుంది. తెలియకుండా కలిపిపెడితే, వైన్‌షాపు దగ్గర్నుంచి బండి మీద వస్తూ దారిలో కూలబడతాడు. ఒకవేళ బతికి బట్టకట్టి ఆ సంగతి తెలుసుకుంటే, ఆ ఇంట్లో అన్నం ముద్ద మీద కూడా నమ్మకం పోతుంది.

అయితే నేను రాయాలనుకున్నది కూరలో కలిపే ఈ మందు పొడి గురించి కాదు. దీని వెనకున్న ఒక నమ్మకం గురించి. తాగేవాడికీ సీసాకీ మధ్య ఏదో ఒక అడ్డం పెడితే చాలు, మానేస్తాడు, మిగతాదంతా మనసు చూసుకుంటుంది అని మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గట్టి నమ్మకం. కూరలో పొడి ఒక అడ్డం. పిల్లల తల మీద చెయ్యేసి ఒట్టు వేయించడం ఇంకో అడ్డం. ఊరి పెద్దల జరిమానా ఒకటి. అన్నిటికంటే పెద్దది, గౌరవమున్నది అయ్యప్ప మాల. వీటిలో ఏదీ అడగని ప్రశ్న ఒకటుంది: ఆపిన తర్వాత మూడో రోజు ఆ మనిషి ఒంట్లో ఏం జరుగుతుంది?

మా మేనమామ కొడుకు, నాకు బావ వరస, తాపీమేస్త్రీ. ఏడాదిలో ఎక్కువ భాగం హైదరాబాదులో అపార్ట్‌మెంట్ల పనిలో ఉంటాడు. ఇక్కడి నుంచి అక్కడికి పోయినవాళ్ల బతుకు తెలిసిందే. పదిమందికి ఒక రేకుల షెడ్డు, పని నుంచి దిగగానే క్వార్టరు. బావకి ఆ క్వార్టరు కాస్తా హాఫ్ అయింది. తర్వాత పొద్దున్నే చేతులు వణకకుండా తాపీ పట్టుకోవడానికి ఒక నైంటీ తోడయింది. ఆ ఏడాది కార్తీకంలో ఊరికొచ్చి మళ్లీ మాల వేశాడు. ఇంటిల్లిపాదీ సంతోషించారు. అత్తయ్య అయితే దేవుడు కళ్లు తెరిచాడంది.

మర్నాటి రాత్రి పీఠంలో ఫిట్స్ వచ్చాయి. ఉపవాసం వల్ల నీరసం అనుకున్నారు. మూడో రోజు సాయంత్రానికి మనిషి మనిషిలో లేడు. ఒళ్లంతా చెమట, కాళ్లూ చేతులూ ఒకటే వణుకు. గోడ మీద జెర్రులు పాకుతున్నాయని దులుపుతున్నాడు. నల్ల పంచె మీంచి లేని చీమలు ఏరుతున్నాడు. ఎదురుగా ఎవరూ లేకపోయినా "ఇటిక అందీరా" అని కేకేసి, ఖాళీ చేతిలో తాపీ ఉన్నట్టు గాలిలో సిమెంటు మెత్తుతున్నాడు. ఇంట్లోవాళ్లు ఏమనుకోవాలి? చిల్లంగి, అదే చేతబడి, పెట్టారన్నారు. మాలలో ఏదో అపచారం చేశాడన్నారు. ఆ రాత్రంతా వేపమండలతో గడిచింది. తెల్లారి ఎవరికో బుద్ధి పుట్టి ఆటో ఎక్కించారు. విశాఖలో డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ మనిషిని ఒక్క చూపు చూసి అడిగిన మొదటి ప్రశ్న, "రోజూ ఎంత తాగేవాడు, ఎప్పుడు ఆపాడు?"

దీన్ని వైద్యులు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. పురుగులు, జెర్రులు కనిపించడం, తన వృత్తి పనినే గాలిలో చేస్తూ ఉండడం పుస్తకాల్లో ఎప్పటినుంచో ఉన్న లక్షణాలే. డ్రైవరు స్టీరింగు తిప్పుతాడు, దర్జీ సూదిలో దారం ఎక్కిస్తాడు. చిల్లంగి పెట్టేవాళ్లకు ఇన్ని వృత్తుల పరిజ్ఞానం ఉండే అవకాశం తక్కువ.

ఎందుకిలా అవుతుంది? మెదడులో నరాల పనిని నెమ్మదింపజేసే రసాయనం ఒకటి ఉంది, గాబా. హుషారెక్కించేది ఇంకొకటి, గ్లూటమేట్. ఆల్కహాలు గాబా పక్షాన చేరి గ్లూటమేటును అణుస్తుంది. తాగినవాడికి మత్తు, నిదానం అందుకే. ఏళ్ల తరబడి రోజూ ఇదే జరుగుతుంటే మెదడు ఊరుకోదు. మద్యం ఎంత బలంగా అణుస్తోందో అంత బలంగా తాను ఎదురు లాగడం నేర్చుకుంటుంది. తాళ్లాటలో రెండు జట్లూ బిగబట్టి లాగుతుండగా ఒక జట్టు ఉన్నట్టుండి తాడు వదిలేస్తే రెండో జట్టు ఏమవుతుందో, హఠాత్తుగా మద్యం ఆపిన మెదడు అదవుతుంది. ఆపిన ఆరేడు గంటలకే చేతుల వణుకు, చెమటలు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఫిట్స్ వచ్చేవాళ్లకు ఎక్కువగా మొదటి రెండు రోజుల్లోపు వస్తాయి. మతి తప్పడం రెండో రోజు దాటాక, మూడో రోజు, నాలుగో రోజు. అందరికీ అంత దూరం రాదు. ఆపినప్పుడు ఇబ్బంది పడేవాళ్లలో నూటికి ముగ్గురి నుంచి ఐదుగురి దాకా ఆ స్థితికి వెళ్తారు. కానీ వెళ్లినవాళ్లలో, సరైన వైద్యం లేని పాత రోజుల్లో, మూడో వంతు దాకా చనిపోయేవారు. ఇప్పుడు ఆసుపత్రిలో చూసుకుంటే అది నూటికి ఐదు కన్నా తక్కువ. ఆ తేడా అంతా మందులది, పడకది, పక్కనుండి చూసుకునే నర్సుది.

ఇక్కడ చాలామంది తలకిందులుగా అనుకునే సంగతి ఒకటి చెప్పాలి. గంజాయి పేరు చెబితే ఊరంతా హడలిపోతుంది, హడలిపోవాల్సిందే. కానీ గంజాయి ఆపినవాడికి నిద్ర పట్టదు, చిరాకు, ఆకలి చచ్చిపోతుంది, అంతవరకే. హెరాయిన్ లాంటివి ఆపితే నరకం కనిపిస్తుంది, అయినా ఆపినందువల్లే ప్రాణం పోవడం అరుదు. ఆపడమే ప్రాణం తీయగలిగిన వాటిలో ముందు వరసలో ఉన్నవి రెండు: ఏళ్ల తరబడి వాడిన నిద్రమాత్రలు, మద్యం. లైసెన్సు ఇచ్చి, బోర్డు పెట్టి, పొద్దున్నుంచి రాత్రి దాకా అమ్మేది వీటిలో ఒకటి.

ఎంత తాగితే ఆ స్థితి వస్తుందని అడుగుతారు. మన దగ్గర తాగుడుకు కొలత క్వార్టరు, 180 మిల్లీలీటర్లు. సీసా మీద 42.8 శాతం అని ఉంటుంది. లెక్క కడితే అందులో అసలు ఆల్కహాలు 60 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక విడతలో 60 గ్రాములు, ఆ పైన తాగడాన్ని అతి తాగుడు కింద లెక్కేస్తుంది. 'ఒక్క క్వార్టరే కదా' అని మనవాళ్లు అనేది సరిగ్గా ఆ గీత మీద ఉంది. 2024 అక్టోబరు తర్వాత ఆ గీత 99 రూపాయలకే దొరుకుతోంది. 'బీరే కదా' అనే కుర్రాళ్ల లెక్క ఇంకా తమాషా. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరులో 8 శాతం దాకా ఉంటుంది. అంటే సీసాకి 40 గ్రాములు, విస్కీ చిన్న పెగ్గులు నాలుగు. కాలేయం గంటకు ఏడు నుంచి పది గ్రాములే కరిగించగలదు. నిమ్మరసం, మజ్జిగ, చన్నీళ్ల స్నానం దాని వేగాన్ని పెంచవు. రాత్రి పదింటికి హాఫ్ పూర్తిచేసిన మనిషి పొద్దున్న ఆరింటికి బండి తీస్తే, ఇంకా తాగి ఉన్నట్టే లెక్క. తాటికల్లు, జీలుగుకల్లు ఆరోగ్యానికి మంచివనే వాదన జోలికి ఇప్పుడు పోను. అందులోనూ ఉండేది ఇదే ఆల్కహాలు, శాతం తక్కువ, తాగే కొలత ఎక్కువ.

ఇంతవరకు చదివినవాళ్లలో సగం మంది ఈపాటికి ఒక మాట అనుకునే ఉంటారు: "మా మావయ్య మాల వేశాడు, నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు, ఏమీ కాలేదు. మనసుంటే మానగలరు." మీ మావయ్య విషయంలో అది నిజమే. కానీ లెక్క చూడండి. కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన సర్వే 2019లో వచ్చింది. దేశంలో మద్యం తాగేవాళ్లు 16 కోట్ల మంది. అందులో దానికి బానిసైపోయినవాళ్లు, అంటే ఒళ్లు దాని మీదే ఆధారపడిపోయినవాళ్లు, 2.9 కోట్లు. తాగే ప్రతి ఐదుగురిలో నలుగురు ఇవాళ ఆపేసినా ఒళ్లు పెద్దగా గొడవ చెయ్యదు. మాల వేసి హాయిగా నలభై ఒక్క రోజులు గడిపే స్వాములు ఎక్కువగా ఈ నలుగురిలోని వాళ్లు. వాళ్లని చూపించి ఐదోవాడిని కూడా అలాగే ఆపెయ్యమంటున్నాం. ఆపలేక మూడో రోజు దొంగచాటుగా తాగితే దీక్ష భంగం చేసిన పాపి అంటున్నాం. ఆ తాగిన గుక్క అతని ఫిట్స్‌ని ఆపి ఉండొచ్చన్నది ఎవరికీ తట్టదు.

"నిరుడు కూడా ఇలాగే ఆపాడు, ఏమీ కాలేదు" అన్నది కూడా ధీమాగా ఉండాల్సిన మాట కాదు. ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం, మళ్లీ ఆపడం, ఇలా సాగేకొద్దీ ఆపినప్పటి బాధ ముందటి కన్నా ముదురుతూ పోతుందని వైద్యులు గమనించారు. మొదటి ఏడాది వణుకుతో పోయింది, తర్వాత చెమటలు, నిద్రలేమి, ఆ పై ఏడాది ఫిట్స్. ఏటేటా మాల వేసి, ఇరుముడి దించిన రోజే సీసా తెరిచే మనిషికి ఈ మెట్లన్నీ తప్పకుండా వస్తాయని అనను. కానీ బావకి సరిగ్గా ఈ వరసలోనే వచ్చాయి.

ఇలా అన్నానని మాల మీద నాకు చులకన ఉందనుకోకండి. నిజానికి తాగుడు మాన్పించడానికి ఇంతకన్నా తెలివైన ఏర్పాటు ఊళ్లో ఇంకొకటి లేదు. దాని లోపం ఒక్కటే, మొదటి వారంలోని మాత్రలు అందులో లేవు. మిగతావన్నీ ఉన్నాయి. పేరు మారుతుంది, నిన్నటిదాకా తాగుబోతని ఈసడించినవాళ్లే స్వామీ అంటారు. బట్ట మారుతుంది. పడుకునే చోటు, లేచే వేళ, తినే తిండి, సాయంత్రం కూర్చునే మనుషులు, అన్నీ మారతాయి. ఏడింటికి వైన్‌షాపు దగ్గర ఉండే కాళ్లు ఏడింటికి పడిపూజలో ఉంటాయి.

ఇది ఎంత పెద్ద సంగతో తెలియాలంటే వియత్నాం యుద్ధం గుర్తు చేసుకోవాలి. అక్కడ పనిచేసిన అమెరికా సైనికులు చాలామంది హెరాయిన్‌కు అలవాటు పడ్డారు. వాళ్లు ఇళ్లకు తిరిగొస్తే దేశం ఏమైపోతుందోనని ప్రభుత్వం హడలిపోయింది. లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు తిరిగొచ్చినవాళ్లని వెతికి పట్టుకుని చూస్తే, అక్కడ బానిసలైనవాళ్లలో ఇంటికొచ్చిన మొదటి ఏడాదిలో మళ్లీ ఆ స్థితికి పోయినవాళ్లు నూటికి ఐదుగురే. ఆ అడవి, ఆ భయం, ఆ జట్టు, చేతికందే సరుకు, ఏవీ ఇంటి దగ్గర లేవు. మాల కూడా మనిషిని ఊళ్లోనే ఉంచి ఊరు మార్చేస్తుంది. నలభై రెండో రోజు ఆ పాత ఊరు తిరిగొచ్చేస్తుంది, చిక్కంతా అక్కడే. బావ విషయంలో ఊరు అంటే హైదరాబాదులోని ఆ రేకుల షెడ్డు.

మొదటి వారంలో జరగాల్సిన వైద్యం నిజానికి అంత ఖరీదైనదీ కాదు, అర్థం కానిదీ కాదు. ఒళ్లు ఎదురు లాగుతున్న ఆ తాడును ఒక్కసారిగా వదలకుండా మెల్లగా వదిలించడమే. క్లోర్‌డయాజిపాక్సైడ్, డయాజిపామ్ లాంటి మాత్రలు మొదట ఎక్కువ మోతాదులో ఇచ్చి, వారం పది రోజుల్లో రోజుకు కొంచెం తగ్గిస్తూ ఆపేస్తారు. కాలేయం చెడినవాళ్లకు లోరాజిపామ్ ఇస్తారు. ఇవి షాపులో అడిగి తెచ్చుకుని ఇంట్లో పంచుకునే మాత్రలు కావు. వాటికవే అలవాటవుతాయి, మద్యంతో కలిస్తే ఊపిరి ఆపేస్తాయి. హెచ్1 షెడ్యూలు అనే ప్రభుత్వ జాబితా కింద నేను క్లోర్‌డయాజిపాక్సైడ్, డయాజిపామ్ అమ్మితే రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచిపెట్టాలి. ఆ రిజిస్టరు తెరవకుండా అమ్మే షాపులు లేవని నేను చెప్పను.

ఇంకొకటి, చాలా చిన్నది, బి1 విటమిన్. దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే మన ఊళ్లలో రోజూ జరిగే పొరపాటు ఇక్కడే ఉంది. తాగేవాడు సరిగా తినడు, తిన్నా బి1 ఒంటికి పట్టకుండా ఆల్కహాలు అడ్డుపడుతుంది. మెదడు గ్లూకోజును వాడుకోవాలంటే బి1 కావాలి. తాగుడు ఆపి నీరసపడ్డ మనిషిని మనం ఏం చేస్తాం? ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లి "ఒక గ్లూకోజు బాటిలు ఎక్కించండి" అంటాం. ఆయన ఎక్కిస్తాడు, అడక్కపోయినా ఎక్కిస్తాడు. ఉన్న కాస్త బి1 ఆ గ్లూకోజును ఖర్చు చేయడంలోనే అయిపోతే మెదడు దెబ్బతింటుంది. చూపు ఒకచోట నిలవదు, నడక తూలుతుంది, మాట పొంతన తప్పుతుంది. తాగి ఉన్నాడులే అనుకుంటాం. ఇది వెర్నికే జబ్బు. సమయానికి పట్టుకోకపోతే కోర్సకాఫ్ అనే దశలోకి పోతుంది. నిన్నటి సంగతి గుర్తుండదు, గుర్తులేని చోట ఏదో ఒకటి అల్లి చెప్పేస్తాడు, అబద్ధం చెబుతున్నానని కూడా తెలియదు. అది చాలావరకు వెనక్కి రాదు. గ్లూకోజుకు ముందో, కనీసం దానితో పాటో బి1 ఇంజెక్షను పడాలి. మాత్ర చాలదు, ఒంటికి పట్టదన్నాను కదా. ఏకభుక్తంతో, చన్నీళ్ల స్నానంతో మొదలయ్యే దీక్షలో ముదిరిన తాగుబోతు పరిస్థితి ఏమిటో మీరే ఊహించుకోండి.

ఇళ్లలో ఇంకో అలవాటు ఉంది, పరువు కోసం డాక్టరు దగ్గర దాచడం. బండి మీంచి పడి తొడ ఎముక విరిగిన మనిషిని వార్డులో చేర్పిస్తారు. తాగుతాడా అని అడిగితే "అబ్బే, పండగలకే" అంటుంది భార్య, అత్తగారు పక్కనే ఉంది మరి. ఆపరేషను బాగా అవుతుంది. మూడో రోజు రాత్రి మనిషి మంచం దిగి, కట్టు పీకేసుకుని, నర్సు మీదకు వెళ్తాడు. ఆపరేషను వికటించిందని బంధువుల గొడవ. నాకు తెలిసిన ఒక ఆసుపత్రిలో అద్దాలు కూడా పగిలాయి. ఒక్క నిజం ముందే చెప్పి ఉంటే మొదటి రోజు నుంచే మాత్ర పడేది. పోలీసుకు చెప్పొద్దంటే చెప్పకండి, ఆపరేషనుకు మత్తు ఇచ్చే డాక్టరుకు మాత్రం చెప్పండి.

ఇదంతా ఒక్క ఇంటి సంగతి అనుకోవడానికి లేదు. ఒకేసారి రాష్ట్రమంతా అనుభవించిన సందర్భాలున్నాయి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో లేవదీసిన ఉద్యమం సారా దుకాణాల్ని మూయించింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం, 1997లో ఎత్తివేత. ఆ ఆడవాళ్లు అడిగింది న్యాయం, దాని మీద నాకు రెండో మాట లేదు. నేను అనేది ఏమిటంటే, దుకాణాలకు తాళం వేసే ప్రభుత్వం ఆ తాళంతో పాటు ఆసుపత్రుల్లో పడకలు తెరవాలని ఎవరూ అనుకోలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడూ అంతే. రాత్రికి రాత్రి షాపులు మూతపడ్డాయి. హైదరాబాదు ఎర్రగడ్డ ఆసుపత్రికి ఫిట్స్‌తో, మతి తప్పి వచ్చేవాళ్లు వరస కట్టారు. కేరళ ప్రభుత్వం డాక్టరు చీటీ మీద మద్యం ఇవ్వమని ఆర్డరు వేస్తే డాక్టర్లే కోర్టుకెళ్లారు, హైకోర్టు ఆపేసింది. మనదగ్గర మే 4న షాపులు తెరిచి, రెండు రోజుల్లో ధర మొత్తం 75 శాతం పెంచారు. ఆ జూలై చివర్లో కంటైన్‌మెంటులో ఉన్న ప్రకాశం జిల్లా కురిచేడులో పదిమందికి పైగా శానిటైజర్ తాగి చనిపోయారు. అప్పుడు టీవీలో వినిపించిన మాటలు నాకు గుర్తున్నాయి, "ఇంత కక్కుర్తా" అని. మనవైపు తాళం వేస్తే ఇంకో దారి ఎప్పుడూ తెరుచుకునే ఉంటుంది, ఒడిశా సరిహద్దు. అక్కణ్నుంచి వచ్చే క్యాన్లలో ఎంత శాతమో, ఏం కలిపారో రాసిన సీసా ఉండదు.

ఆ 2019 సర్వేలోనే ఇంకో అంకె ఉంది, నన్ను ఎక్కువగా కుదిపింది అదే. మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఏదో ఒక వైద్యం, సాయం అందింది ఒక్కరికి. ఆసుపత్రిలో పడక దొరికింది 180 మందిలో ఒక్కరికి. మిగతావాళ్లు పొడులు, ఒట్లు, తాయెత్తులు, దెబ్బల మీదే బతుకుతున్నారన్నమాట. 2019 నుంచి ప్రతి సీసా మీదా మద్యపానం ఆరోగ్యానికి హానికరమని హెచ్చరిక అచ్చేస్తున్నారు. తాగేవాడికి అది తెలియదా? ఆ చోటులో 14446 అని అచ్చేస్తే ఎంత ఉపయోగం! అది మత్తు మాన్పించడానికి కేంద్రం పెట్టిన ఉచిత ఫోన్ నంబరు. మనసు బాగోనప్పుడు మాట్లాడడానికి 14416 ఉంది, టెలీమానస్, తెలుగులోనే మాట్లాడతారు. మా షాపు కౌంటరు మీద ఈ రెండూ స్కెచ్ పెన్నుతో రాసి అతికించాను. పొడి అడగడానికొచ్చిన ఆడవాళ్లు ఫోనులో ఫొటో తీసుకుని వెళ్తుంటారు.

ఎవరిని ముందు ఆసుపత్రికి తీసుకెళ్లాలో గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. పొద్దున్న లేవగానే తాగితే గానీ చేతులు కుదురుకోనివాడు, ఇంతకుముందు ఆపినప్పుడు ఫిట్స్ వచ్చినవాడు, మతి తప్పినవాడు, ఏళ్ల తరబడి రోజూ హాఫ్ దాకా తాగేవాడు, కామెర్లు, గుండెజబ్బు ఉన్నవాడు, నిద్రమాత్రలు కూడా కలిపి వాడేవాడు. వీళ్లు ఇంట్లో ఒంటరిగా, ఒక్కసారిగా ఆపకూడదు. శ్రీకాకుళంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, జనం ఇంకా రిమ్స్ అనే అంటారు. విజయనగరంలో 2023లో మెడికల్ కాలేజీ మొదలైంది. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. దాన్ని పిచ్చాసుపత్రి అనడం మానితే సగం మంది గేటు దాటతారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితుల్ని కూడా జబ్బు కిందే చూస్తుంది. గొలుసులతో కట్టెయ్యడాన్ని నిషేధిస్తుంది. ఈ రెండో మాట ఎందుకు చెబుతున్నానంటే, మాన్పిస్తామని బోర్డు పెట్టి, చేర్చినవాణ్ని కట్టేసి కొట్టే చోట్ల నుంచి తిరిగొచ్చినవాళ్లని చూశాను. చేర్చే ముందు రిజిస్ట్రేషను కాగితం చూపించమనండి, సైకియాట్రిస్టు వారానికి ఎన్నిసార్లు వస్తాడో అడగండి.

ఆ వారం గడిచాక అసలు పని మొదలవుతుంది. కోరికను తగ్గించడానికి నల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి మందులున్నాయి, నెలల తరబడి వాడాలి. అయినా మత్తుకు వైద్యం తీసుకున్నవాళ్లలో నూటికి 40 నుంచి 60 మంది మళ్లీ జారతారు. బీపీ, ఉబ్బసం రోగుల్లో మళ్లీ ముదిరే లెక్క కూడా ఇంచుమించు ఇంతే. బీపీ మాత్ర మానేసి పక్షవాతం తెచ్చుకున్న పెద్దమనిషిని చూసి నీకు మనసు లేదని ఎవరూ అనరు, పళ్లు పట్టుకుని చూడ్డానికి వెళ్తారు.

బావ ఆ తర్వాత రెండుసార్లు జారాడు. రెండుసార్లూ అక్క, అంటే బావ భార్య, ఆయన్ని ఇంట్లో పెట్టుకుని ఏడవకుండా నేరుగా వార్డుకే తీసుకెళ్లింది. ఇప్పుడు హైదరాబాదు పని మానేసి రామభద్రపురం చుట్టుపక్కలే ఇళ్లు కడుతున్నాడు, కూలి తక్కువే. ఈ కార్తీకానికి మళ్లీ మాల వేస్తానంటే డాక్టరు వద్దనలేదు. మాత్రలు ఆపొద్దన్నారు, ఒంటిపూట భోజనం వద్దన్నారు. రాత్రి ఫలహారానికి గురుస్వామి ఒప్పుకున్నాడు. అప్పట్లో వేపమండలు తెప్పించింది కూడా ఆ గురుస్వామే. ఇప్పుడు కొత్తగా మాల అడిగేవాళ్లను ముందు ఒక ప్రశ్న అడుగుతున్నాడట, "పొద్దున్న లేవగానే తాగుతావా?" అని. అవునన్నవాళ్లను పది రోజులు ఆసుపత్రికి పోయి రమ్మంటున్నాడు. నిరుడు అలా పంపిన ఇద్దరిలో ఒకడు తిరిగొచ్చి మాల వేసుకున్నాడు. రెండోవాడు గురుస్వామి మీద అలిగి వేరే పీఠానికి పోయాడు.